మూడు వందల అయిదో గిన్నె

జపానులో, మా మోరియోకా ఊళ్లో, సోబా నూడుల్స్ తినడానికి కూర్చున్నవాళ్లు చాలు చాలంటే మేం వినం. కడుపు పట్టుకున్నా వినం, దండం పెట్టినా వినం. చేతిలో ఉన్న చిన్న గిన్నె ఖాళీ చేసి, దాని మీద మూత పెట్టెయ్యాలి. అప్పుడే చాలన్నట్టు. ఆ మూత పడేలోపల మా చెయ్యి దూరిందా, ఇంకో గుక్కెడు సోబా గిన్నెలో పడుతుంది. పడ్డది తినాల్సిందే. అతిథి గిన్నె ఖాళీగా కనపడకూడదని ఎప్పుడో పెద్దలు పెట్టిన మర్యాద అది. దాంట్లో పంతం కలిపింది మాత్రం మాలాంటివాళ్లమే.

నేను కుమగాయ్ వారి సోబా ఇంటికి రెండో కోడలిని. పేరు నొబుయే. అప్పటికి పదకొండేళ్లుగా అక్కడ వడ్డిస్తున్నాను. పళ్లెంలో పదిహేను గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్క గుక్క సోబా, నోట్లో "హై, కానీ కానీ! హై, ఇంకా ఇంకా!" అన్న పాట. నా ఎడమ చేతిని తప్పించుకుని మూత వేసిన మగాడు ఈ ఊళ్లో లేడని గొప్పలు చెప్పుకునేదాన్ని. మా అత్తగారు కియో మాత్రం ఒక్కనాడూ ఆ మాట ఒప్పుకోలేదు. ఆవిడకి నా తోడికోడలు మినెకో చెయ్యే చెయ్యి. మినెకో, మా బావగారు గెంకిచి మూడేళ్ల కిందట వేరుపడి, రైల్లో ముప్పావు గంట దూరంలో ఉన్న హనమాకిలో సొంత కొట్టు పెట్టుకున్నారు. మనిషి వెళ్లిపోయింది గానీ ఆవిడ పేరు ఆ ఇంట్లోంచి కదల్లేదు. నేను పళ్లెం ఎత్తిన ప్రతిసారీ అత్తగారి మొహంలో ఒక చిన్న నిట్టూర్పు కనపడేది.

ఆ ఏడు నవంబరులో, నకత్సు నదిలో సాల్మన్ చేపలు ఎదురీదే రోజుల్లో, వర్తక సంఘం వాళ్లు ఒక కాగితం తెచ్చి మా గోడకి అంటించారు. ఫిబ్రవరిలో సోబా పోటీ. ఈసారి జంటలకి. ఒకరు తినాలి, ఒకరు వడ్డించాలి. గడువు పావుగంట.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"హనమాకి నుంచి మన పెద్దాడూ మినెకో పేర్లు ఇచ్చేశారట," అన్నారు.

"ఇవ్వనివ్వండి," అన్నాను.

"ఇవాతె రాష్ట్రానికి రాజధాని మనది. పేరుకే రాజధాని. సోబా దగ్గరికొచ్చేసరికి మూడేళ్ల నుంచి వాళ్లే పట్టుకుపోతున్నారు. మన ఇంట్లో నేర్చుకుని వెళ్లిన చెయ్యే ఈసారీ పట్టుకుపోతుంది. చూస్తూ కూర్చుందాం."

"నేనుండగా ఎవరూ పట్టుకుపోరు అత్తయ్యా."

ఆవిడ కళ్లజోడు తీసి నా ఎడమ చేతి వైపు చూశారు. తర్వాత ముల్లంగి తురమడానికి లోపలికి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా తోడికోడలు నవ్వను కూడా నవ్వలేదు. ఊళ్లోనే లేదు. అయినా ఆ చలికాలం నాకు కావలసింది ఒక్కటే. అత్తగారి కళ్ల ముందు మినెకో చేతిని ఓడించాలి. అందుకు నా దగ్గరున్న సాధనం ఒక్కటే, మా ఆయన కడుపు.

మా ఆయన తేయిజి పిండి మనిషి. రోజూ పొద్దున్నే సోబా పిండి గుప్పెట్లోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇవాళ నీళ్లు ఇన్ని పడతాయని చెప్పేవారు. కొలత పాత్ర వాడగా నేను చూడలేదు. పిండి పరిచి, మడిచి, వెడల్పాటి కత్తితో సన్నగా కోస్తుంటే పక్కన నిలబడి చూడాలనిపించేది. ఆ మర్నాడు ఆయన కోస్తున్నప్పుడే వెళ్లి అడిగాను.

"ఏమండీ, పోటీకి మీరు తింటారు, నేను వడ్డిస్తాను."

కత్తి ఆగలేదు. "అన్నయ్య కూడా వస్తున్నాడుగా. అది కడుపా చెరువా? చిన్నప్పుడు నా వాటా కూడా వాడే తినేవాడు."

"అయితే ఈసారి ఆయన వాటా మీరు తినండి."

"నాకు సోబా కొయ్యడం ఇష్టం నొబుయే. మింగడం కాదు."

"ఒక్క చలికాలమండీ. నాకోసం."

అప్పుడు కత్తి ఆపారు. ఏదైనా ఒప్పుకోబోయే ముందు ఆయన చేతులకంటిన పిండి దులుపుకుంటారు. దులుపుకున్నారు.

"సరే. ఒక్క మాట. కొట్లో ఆటల సంగతి వేరు. అక్కడ మాత్రం నేను మూత ఎత్తితే నువ్వు ఆపాలి."

"అలాగే లెండి."

"నవ్వకు. ఒట్టు వెయ్యి."

"ఒట్టు," అన్నాను. నవ్వుతూనే అన్నాను.

డిసెంబరు మొదటి వారం నుంచి సాధన మొదలైంది. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక, మూడు గంటలకి, పైగదిలో చాప మీద ఆయన, ఎదురుగా నేను, గోడ వారగా అత్తగారు. ఆవిడ ఒళ్లో సోయా గింజల డబ్బా. గిన్నెకో గింజ తీసి పక్కన పెట్టేవారు. మొదటి రోజు నూట ఇరవై. వారానికి నూట అరవై. నమలకూడదు, పులుసు తాగకూడదు, సోబా నాలుకకి తగలకుండా గొంతులోకి జారిపోవాలి. క్రిస్మస్ నాటికి రెండు వందలు దాటారు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

అత్తగారు కూడా మారిపోయారు. పదకొండేళ్లలో చెప్పని కిటుకులు ఆ చలికాలంలో చెప్పారు. గిన్నె ఎంత ఎత్తున పట్టుకోవాలి, మణికట్టు ఎప్పుడు తిప్పాలి, మూత అంచు కిందికి చెయ్యి ఎలా దూర్చాలి. ఒకరోజు నా ముంజేయి పట్టుకుని సరిచేస్తూ అన్నారు.

"నువ్వు మొహం చూస్తున్నావు. చూడకు."

"చూడకపోతే ఎలా తెలుస్తుంది అత్తయ్యా?"

"ఏం తెలియాలి? మొహం చూస్తే జాలేస్తుంది. జాలేస్తే చెయ్యి ఆగుతుంది. గిన్నె చూడు. ఖాళీయా, నిండా? అంతే."

నేను గిన్నె చూడడం నేర్చుకున్నాను. చాలా తొందరగా నేర్చుకున్నాను.

కొత్త సంవత్సరానికి బావగారూ మినెకో వచ్చారు. మినెకో నాకంటే పొట్టి, నాకంటే తెల్లన, నోరు మాత్రం నాకంటే రెండింతలు. గడపలో బూట్లు విప్పుతూనే అందుకుంది.

"ఏం మరిదిగారూ, మెడ సన్నబడిందే! మా చెల్లి పెడుతోందా, లేక గింజలు మాత్రం లెక్కపెడుతోందా?"

"పెడుతోంది వదినా. పెట్టడమే పని," అన్నారు ఈయన.

"మీ అన్నయ్యని చూడండి. ఎంత పెట్టినా ఇంకా ఏదీ అంటారు. ఈయన్ని చేసుకోవడం కంటే ఎలుగుబంటిని పెంచుకున్నా బాగుండేది."

బావగారు కుండలా ఊగుతూ నవ్వారు. అందరం నవ్వాం. బియ్యపు ముద్దలు కాలుస్తుంటే మినెకో నా పక్కన చేరి, గొంతు తగ్గించి, "చెల్లీ, నిజంగానే చిక్కారు. చూసుకో," అంది. పోటీలో నన్ను బెదరగొట్టడానికే అలా అంటోందనుకున్నాను. "మీరు మీ ఎలుగుబంటిని చూసుకోండక్కా," అన్నాను. ఆవిడ కాలుతున్న ముద్దని రెండో వైపు తిప్పింది.

జనవరిలో ఒక పొద్దున మా ఆయన పిండి గుప్పెట్లోకి తీసుకుని ముక్కు దగ్గర చాలాసేపు పెట్టుకున్నారు. దించారు. మళ్లీ పెట్టుకున్నారు.

"వాసన తెలియడం లేదు," అన్నారు.

"జలుబేమో."

"జలుబు కాదు. సోబా అంటేనే లోపల ఏదో మూసుకుపోతోంది."

"ఇంకెంతండీ, నాలుగు వారాలు."

ఆ రోజు కొలత పాత్ర వెతికి తెచ్చింది నేనే. నీళ్లు కొలిచి పోసుకున్నారు. మధ్యాహ్నం పాత బేరం, వడ్రంగి ససమోరి తాత, రెండు గిన్నెలు తిని చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. "ఇవాళ ఎవరు కోశారమ్మా?" అని అడిగాడు. నాకు అప్పుడే గుండెలో కలుక్కుమని ఉండాల్సింది. కలుక్కుమనలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ మధ్యాహ్నం రెండు వందల డెబ్బై గిన్నెలయ్యాయి. గింజలు మళ్లీ ఒకసారి లెక్కపెట్టండని అత్తగారిని నేనే అడిగాను.

ఫిబ్రవరి రెండో ఆదివారం పోటీ. బయట మోకాలెత్తు మంచు. సభామందిరంలో అరలు చాలక జనం బూట్లు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. పన్నెండు జంటలు. చీటీలు తీస్తే మా పక్క బల్ల మినెకో వాళ్లకే వచ్చింది. అత్తగారు మొదటి వరసలో ఇద్దరు కొడుకులకీ సరిగ్గా మధ్యన కూర్చున్నారు.

"ఈ రోజు మా అత్తగారు ఏ కొడుకుని కన్నానని చెప్పుకుంటారో చూద్దాం," అంది మినెకో పళ్లెం సర్దుకుంటూ. జనం నవ్వారు.

గంట కొట్టారు.

మొదటి నూరు గిన్నెలూ ఎవరికీ లెక్కలోవి కావు. నూట యాభై దాటాక ఒక్కొక్క బల్ల మీదా టప్ మని మూత పడడం మొదలైంది. పదో నిమిషానికి మిగిలింది మేం రెండు జంటలమే. నా పాట, మినెకో పాట కలిసిపోయి, ఏ "కానీ కానీ" ఎవరిదో తెలియడం లేదు. నేను గిన్నె తప్ప ఇంకేం చూడలేదు. ఖాళీ, నిండు, ఖాళీ, నిండు. నా చెయ్యి అంత బాగా అంతకుముందెన్నడూ ఆడలేదు. ఆ విషయం చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, అయినా నిజం.

"మూడు వందల నాలుగు!" అని పక్క బల్ల దగ్గర లెక్క చూసే మనిషి అరిచాడు. వెంటనే మూత చప్పుడైంది. ఓరకంట చూశాను. బావగారి చెయ్యి మూత మీద ఉంది. దాని మీద మినెకో తన అరచెయ్యి వేసి, తానే నొక్కి మూసేసింది. పళ్లెంలో ఇంకా ఎనిమిది గిన్నెలు నిండుగా ఉన్నాయి. రెండు నిమిషాలు మిగిలి ఉండగా ఇదేం పిచ్చి అనుకున్నాను.

మా లెక్క మూడు వందల మూడు.

మా ఆయన గిన్నె ఖాళీ చేసి మూత అందుకున్నారు. మూత అంచు గిన్నెకి తగిలేలోపల నా చెయ్యి దూరింది. మూడు వందల నాలుగు. సమానం. జనం పైకప్పు ఎగిరిపోయేలా కేక పెట్టారు. ఆయన మింగారు. మళ్లీ మూత ఎత్తారు. ఈసారి నెమ్మదిగా, నాకు కనపడేలా ఎత్తారు. నేను గిన్నె మీది నుంచి కళ్లెత్తి మొహం చూశాను. పెదాల చుట్టూ రంగు లేదు. కళ్ల నిండా నీళ్లు. నన్నే చూస్తూ తల కొద్దిగా, చాలా కొద్దిగా అడ్డంగా ఊపారు.

మొదటిసారి పోసింది నా చెయ్యి. రెండోసారి పోసింది నేను.

"మూడు వందల అయిదు!"

ఇక ఆయన మూత జోలికి పోలేదు. బల్ల మీద దాని పక్కన చెయ్యి పెట్టుకుని, నేను పోసింది పోసినట్టు మింగుతూ పోయారు. ఆరు, ఏడు, ఎనిమిది. ఓహో, మళ్లీ పుంజుకున్నారు అనుకున్నాను. జనం కూడా అలాగే అనుకున్నారు, పేరు పెట్టి అరిచారు. మూడు వందల పదకొండు దగ్గర గంట మోగింది.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఫోటో తీశారు. నగర పెద్ద ఒకాయన జెండా ఇచ్చారు. మా ఆయన నిటారుగా నిలబడి, నడుము వంచి అందరికీ దండం పెట్టారు. వేదిక వెనకాల మెట్ల మీద కూర్చుని, పులుసు పారబోసే బకెట్ దగ్గరికి లాక్కున్నారు. ముందు సోబా వచ్చింది. తర్వాత ఎర్రగా వచ్చింది. నంచుకోవడానికి పెట్టిన ట్యూనా చేప ముక్కలేమో అనుకున్నాను. ఆయన ట్యూనా ముట్టుకోలేదు.

"ఏమండీ," అన్నాను. ఆయన నా వైపు తిరగలేదు. పక్కకి ఒరిగిపోయారు.

ఊళ్లో అందరికంటే చురుకని చెప్పుకున్న నా ఎడమ చెయ్యి ఖాళీ గిన్నె పట్టుకుని గాల్లో అలాగే ఉండిపోయింది. అరిచింది మినెకో. ఆయన తల ఎత్తి పట్టుకుంది మినెకో. అంబులెన్స్‌లో చెప్పులు కూడా లేకుండా తెల్ల మేజోళ్లతో ఎక్కి కూర్చుంది మినెకో. అత్తగారు మంచులో నిలబడి జెండాని రెండు చేతులతో గుండెకి పట్టుకున్నారు. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకున్నారంతే.

గొంతు నుంచి కడుపులోకి దిగే గొట్టం అడుగున చీలిందన్నారు. నాలుగు గంటలు కోసి కుట్టారు. బతుకుతారని మాత్రం మూడో రోజుకి గాని చెప్పలేదు. ఆ మూడు రోజులూ నేను వడ్డన దుస్తుల్లోనే ఉన్నాను. నడుముకి కట్టిన ఎర్ర తాడు విప్పాలని కూడా తోచలేదు. బావగారు వరండాలో కూర్చుని గోడ వైపు తిరిగి ఏడ్చారు. అంత పెద్ద మనిషి అలా ఏడవగలడని నాకు తెలియదు.

ఆరో రోజు ఆయనకి మాట వచ్చింది. డాక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. చేతిలో కాగితాల అట్ట పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. గదిలో నేను, అత్తగారు, మినెకో ఉన్నాం. మినెకో ఆపిల్ చెక్కు తీస్తోంది.

"కుమగాయ్ గారూ, ఒక్క విషయం రాసుకోవాలి. ఇంత దూరం రాకముందే నొప్పి తెలిసే ఉంటుంది. మధ్యలో ఆపాలని మీరు చెప్పలేదా?"

గదిలో ఆపిల్ చెక్కు తీస్తున్న చప్పుడు ఆగిపోయింది. మినెకో నా వైపు చూసింది. పక్క బల్ల నుంచి ఆ రెండు మూతలూ ఆవిడ చూసిందని నాకు అప్పుడు తెలిసింది. చెప్పారు, నేనే ఆపలేదు అందామని నోరు తెరిచాను.

"లేదండీ," అన్నారు ఆయన. గొంతు ఇసకలా ఉంది. "నేనే ఇంకా ఇంకా అన్నాను. దాని తప్పేం లేదు."

డాక్టరు రాసుకున్నాడు. అత్తగారు కళ్లు మూసుకుని తల పంకించారు. మినెకో మళ్లీ చెక్కు తియ్యడం మొదలుపెట్టింది. ముక్కలు కోసి పళ్లెంలో పెట్టి, ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తినలేకపోయాను, కింద పెట్టలేకపోయాను. ఆయన నోటి వెంట అబద్ధం విన్నది నా పెళ్లయ్యాక అదే మొదలు. అది కూడా నాకోసమే.

మార్చి నెలాఖరుకి ఇంటికి తెచ్చుకున్నాం. హనమాకి కొట్టు మూసేసి బావగారూ మినెకో మా ఇంటికి వచ్చేశారు. ఎవరూ రమ్మనలేదు. ఒక పొద్దున పెట్టెలతో దిగారు. బావగారు పిండి కలిపారు, మినెకో పళ్లెం ఎత్తింది. జనం విరగబడ్డారు. గెలిచిన ఇల్లు కదా. మూడు వందల పదకొండు అని రాసి గోడకి తగిలించిన పలకని అత్తగారే తన చేత్తో తీసేశారు. నేను వెనకవైపు గిన్నెలు కడిగే దగ్గరికి మారాను. నన్ను మారమన్నది ఎవరూ లేరు. నాకు గిన్నె పట్టుకుని మనిషి ఎదురుగా కూర్చోవడం ఇక చేతకాలేదు, అంతే.

ఆయనతో మాత్రం చెప్పాలి. ఆ మాట మింగలేక కక్కలేక రెండు నెలలు తిరిగాను. అమ్మ కడుపు చల్లగా బయటపడ్డారు, ఇప్పుడెందుకు అని ఒక మనసు. చెప్పకపోతే ఆ అబద్ధం మీద కాపురం ఎలాగని ఇంకో మనసు. చెయ్యి అలవాటులో పోసేసిందని ఆయన అనుకుంటున్నారేమో. అలా అనుకునే నన్ను కాపాడారేమో. అలా అయితే ఆ మాట నిజం కాదని ఆయనకి తెలియాలి కదా.

ఏప్రిల్ చివర, చెర్రీలు పూసిన వారంలో, పెరటి వసారాలో ఎండలో కూర్చున్నారు. గంజి తెచ్చి ఇచ్చాను. మునుపటి మనిషిలో సగమే ఉన్నారు. నాలుగు చెంచాలు తాగేదాకా ఆగాను. కొట్లోంచి మినెకో గొంతు, జనం నవ్వులు వినపడుతున్నాయి.

"ఏమండీ," అన్నాను. "ఆ రోజు మొదటిసారి నాకు తెలియకుండానే పోసేశాను. రెండోసారి అలా కాదు. మీ మొహం చూశాను. చూసే పోశాను."

ఆయన చెంచా గిన్నెలో పెట్టారు. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు.

"తెలుసు," అన్నారు. "అందుకే మూడోసారి మూత ముట్టుకోలేదు."